బోరు నీళ్ళల్ల నైట్రేట్: పెల్లాడియం–కాపర్ క్యాటలిస్ట్ మూడోసారికే ఎందుకు మొరాయిస్తున్నది?

ధర్మాబాద్_మిర్చి
నైట్రేట్‌ను హైడ్రోజన్‌తోటి నైట్రోజన్ వాయువుగ మార్చే క్యాటలిస్ట్ చేసినం. గామా అల్యూమినా (సన్న రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్) గుండ్లు, 2–3 మి.మీ. సైజు. 5 శాతం పెల్లాడియం, 5 శాతం కాపర్ ఒకేసారి ఎక్కించి, 400 డిగ్రీల దగ్గర కాల్చి, హైడ్రోజన్‌ల 300 దగ్గర రిడ్యూస్ చేసినం. అర లీటరు నీళ్ళకు 1 గ్రాము క్యాటలిస్ట్. హైడ్రోజన్ నిమిషానికి 200 మి.లీ., రూమ్ టెంపరేచర్.

డిస్టిల్డ్ వాటర్‌ల పొటాషియం నైట్రేట్ కలిపి చూస్తే నైట్రేట్ 110 నుంచి రెండు గంటల్ల 30కి దిగింది. అదే బోరు నీళ్ళు పోస్తే 70 దగ్గర్నే ఆగింది. అమ్మోనియం డిస్టిల్డ్‌ల 6, బోరుల 3.1. ఆఖర్ల పీహెచ్ డిస్టిల్డ్‌ల 10.9, బోరుల 9. మూడోసారి వాడితే స్పీడు సగం కూడ లేదు. బోరు క్షారత 400, కాఠిన్యం 520. అన్నీ లీటరుకు మి.గ్రా.లు: నైట్రేట్, అమ్మోనియం అయాన్ లెక్కల, క్షారత, కాఠిన్యం కాల్షియం కార్బనేట్ లెక్కల. కొలిచింది నైట్రేట్‌కు యూవీ వెలుతురు 220 నానోమీటర్ల దగ్గర, అమ్మోనియాకు నెస్లర్ (పాదరసం ఉన్న రంగు పరీక్ష).

పెల్లాడియం 10 శాతం చెయ్యమని ఒకాయన, కాపర్ తీసేసి ఇండియం పెట్టమని ఇంకొకాయన. ఏది ముందు చెయ్యాలె?

సిరొంచ_సంగమం
10 శాతం పెల్లాడియం పెట్టే పైసలుంటే ఊరందరికీ ఏడాది పొడుగునా బిస్లెరీ డబ్బాలే కొనియ్యొచ్చు భౌ.

రాజురా_రసాయనం
రెండూ ముందు కాదు. ముందు పీహెచ్.

ఒక్కో నైట్రేట్ పోయినప్పుడల్లా ఒక హైడ్రాక్సైడ్ పుడుతుంది. రెండు నైట్రేట్లకు ఐదు హైడ్రోజన్ అణువులు ఖర్చయితే ఒక నైట్రోజన్ వాయువు, రెండు హైడ్రాక్సైడ్లు, నాలుగు నీటి అణువులు. దారి తప్పి అమ్మోనియంకి పోతే ఒక్కో నైట్రేట్‌కి నాలుగు హైడ్రోజన్లు తింటుంది, హైడ్రాక్సైడ్లు కూడా రెండు. మీ డిస్టిల్డ్ నీళ్ళు 10.9కి పోయింది అందుకే, అందులో బఫర్ (పీహెచ్ మారకుండా ఆపేది) ఏమీ లేదు కదా. పీహెచ్ పెరిగితే పెల్లాడియం మీద నైట్రైట్ (నైట్రేట్‌కి, నైట్రోజన్‌కి నడుమ మెట్టు) రిడక్షన్ నెమ్మదిస్తుంది, హైడ్రాక్సైడ్ చోట్లు ఆక్రమిస్తుంది, అమ్మోనియం వాటా పెరుగుతుంది. మూడు నష్టాలూ ఒక్క కారణం నుంచే.

ఇంకోటి, బోరులో అమ్మోనియం తక్కువ వచ్చిందని సంతోషపడొద్దు. డిస్టిల్డ్‌లో 80 నైట్రేట్ పోయింది, అంటే 18 మి.గ్రా. నైట్రోజన్. అందులో 6 అమ్మోనియం అంటే 4.7 నైట్రోజన్, 26 శాతం. బోరులో 40 పోయింది, 9 మి.గ్రా. నైట్రోజన్. 3.1 అమ్మోనియం అంటే 2.4, 27 శాతం. వాటా ఒక్కటే. పని తక్కువ జరిగింది కాబట్టి చెత్త తక్కువ పుట్టింది, అంతే.

తాగే నీళ్ళ భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు. అమ్మోనియా నైట్రోజన్ లెక్కన 0.5. మీరు 110ని 40కి దించాలంటే 15.8 మి.గ్రా. నైట్రోజన్ మార్చాలి. అందులో 0.5 దాటకూడదంటే అమ్మోనియం వాటా 3.2 శాతం లోపు ఉండాలి. 27 నుంచి 3కి రావడం పెల్లాడియం పెంచితే జరిగే పని కాదు.

ధర్మాబాద్_మిర్చి
పీహెచ్ పట్టుకోనీకి హైడ్రోక్లోరిక్ చుక్కలు వేస్తే నడుస్తదా?

నాగావళి_నత్రజని
వెయ్యకండి బాబూ. క్లోరైడ్ వచ్చి నైట్రేట్‌తో చోటుకి పోటీ పడతాది, కాపర్ కరుగుతాది. కార్బన్ డయాక్సైడ్ వాయువే పెట్టండి. హైడ్రోజన్ లైన్‌లోనే టీ జాయింట్ వేసి కలిపేస్తే సరి.

పాళ్ళు ఎంతంటారా. సగం సగం పెడితే బోరు నీళ్ళు 6 దగ్గర నిలబడతాయి, డిస్టిల్డ్ 5.2 దగ్గర. 80 పాళ్ళు హైడ్రోజన్, 20 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ పెడితే బోరు 6.5, డిస్టిల్డ్ 5.6. డిస్టిల్డ్ కంటే బోరే పైన ఉండడానికి కారణం ఆ 400 క్షారతే. సగం సగం పెడితే పీహెచ్ ఇంకొంచెం దిగుతాది గానీ హైడ్రోజన్ పీడనం సగమైపోతాది. నేనైతే 80:20తో మొదలెడతాను.

ఒట్టి హైడ్రోజన్ బుడగలు కొడితే ఇంకో ఇబ్బంది ఉంది. నీళ్ళలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని అవే తోలేస్తాయి. రియాక్షన్ ఏమీ జరక్కపోయినా బోరు నీళ్ళ పీహెచ్ పైకి పోతాది.

మహేంద్రతనయ
అసలు ఆ 30, ఆ 70 నమ్మదగ్గ అంకెలేనా? 220 దగ్గర నైట్రైట్ కూడా మింగుతుంది. 275 దగ్గర కొలిచి రెండింతలు తీసేసే సవరణ సేంద్రియ పదార్థానికే, నైట్రైట్‌కి కాదు. 5 శాతం కాపర్ అంటున్నారు, అంటే పెల్లాడియంతో సమానంగా పోశారు. అంత కాపర్ ఉంటే నైట్రేట్‌ని నైట్రైట్ దాకా చకచకా తెస్తుంది. దాన్ని ముందుకు తోసే పెల్లాడియం మాత్రం కాపర్ కింద మూతపడి ఉంటుంది. మీ 30లో ఎంత నైట్రేటో ఎంత నైట్రైటో ఎవరికి తెలుసు? ప్రపంచ ఆరోగ్య సంస్థ నైట్రైట్‌కి పెట్టిన హద్దు 3 మి.గ్రా. మాత్రమే. ఇది నైట్రేట్ కంటే పెద్ద తలనొప్పి.

నైట్రైట్‌కి గులాబీ రంగు తెప్పించే సల్ఫనిలమైడ్, ఎన్‌ఈడీ రసాయనాలు వేసి 543 నానోమీటర్ల దగ్గర చూడండి. గులాబీ రంగు ముదిరిపోతే 50 రెట్లు పలచన చేసి మళ్ళీ చూడాలి. ముదురు రంగు మీద తీసిన రీడింగు పనికిరాదు.

నెస్లర్‌తో కూడా జాగ్రత్త. 520 కాఠిన్యం ఉన్న నీళ్ళలో సూటిగా పోస్తే మసక వస్తుంది, ఆ మసకంతా అమ్మోనియాగా లెక్కపడుతుంది. ముందు రోషెల్ సాల్ట్ గానీ ఈడీటీఏ గానీ వేయాలి. పాదరసం పారబోసే బాధ ఎలాగూ ఉంది కాబట్టి ఫీనేట్ పద్ధతికి మారి 640 దగ్గర చూడడం మేలు.

శాంపిల్ తీయగానే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి తోయండి. క్యాటలిస్ట్ నుసి లోపలికి వస్తే క్యూవెట్‌లో వెలుతురు చెదిరి నైట్రేట్ ఎక్కువ చూపిస్తుంది. పైగా శాంపిల్ సీసాలో కూడా రియాక్షన్ నడుస్తూనే ఉంటుంది.

సిరొంచ_సంగమం
మిర్చి సాబ్ అడిగింది క్యాటలిస్ట్ గురించి, అక్క పరీక్ష పేపర్లే వెనక్కి పంపింది 😀

నాగావళి_నత్రజని
అక్క చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. పీహెచ్ 10.9 దగ్గర అమ్మోనియం అంతా అమ్మోనియా వాయువుగానే ఉంటాది కదా, హైడ్రోజన్ బుడగలతో ఎగిరిపోతాది. డిస్టిల్డ్‌లో 6 అన్నారు గానీ అసలు అంకె ఇంకా పెద్దదై ఉండాలి.

రాజురా_రసాయనం
నాగావళి గారూ, అందరూ అనే మాటే గానీ లెక్క వేస్తే నిలవదు. 25 డిగ్రీల దగ్గర అమ్మోనియా గాలిలోకంటే నీళ్ళలో సుమారు 1500 రెట్లు ఎక్కువ సాంద్రతలో ఉంటుంది. అర లీటరులోంచి నిమిషానికి 200 మి.లీ. చొప్పున రెండు గంటలు కొట్టినా పోయేది 3 శాతం. నిమిషానికి లీటరు కొడితేనో, 60 డిగ్రీలకు వేడి చేస్తేనో అప్పుడు పట్టించుకోవాలి. అనుమానముంటే బయటికొచ్చే వాయువును బోరిక్ యాసిడ్ సీసాలోంచి పంపి టైట్రేట్ చేసుకోవచ్చు.

నాగావళి_నత్రజని
3 శాతమే అయితే ఒప్పుకుంటాను. అయినా బోరిక్ సీసా పెట్టమనే చెప్తాను, నైట్రోజన్ లెక్క తేలకపోతే మొదట పడే అనుమానం దానిమీదే.

మహేంద్రతనయ
లెక్క తేలాలంటే ఖాళీ పరుగు కూడా కావాలి. హైడ్రోజన్ బదులు నైట్రోజన్ వాయువు పెట్టి, మిగతావన్నీ అలాగే ఉంచి రెండు గంటలు నడపండి. పీహెచ్ తక్కువలో అల్యూమినా పైభాగం ధనావేశంతో ఉంటుంది, కొంత నైట్రేట్ ఊరికే అంటుకుంటుంది. దాన్ని తొలగింపుగా రాసుకుంటే తప్పు. కాపర్ నైట్రేట్, పెల్లాడియం నైట్రేట్ లాంటి లవణాలు వాడినవాళ్ళకి దీనికి తలకిందులు: సరిగ్గా కాలకపోతే క్యాటలిస్టే నీళ్ళలోకి నైట్రేట్ వదులుతుంది.

ధర్మాబాద్_మిర్చి
మేం వాడింది పెల్లాడియం క్లోరైడ్, కాపర్ నైట్రేట్. మరి బోరు నీళ్ళల్ల స్పీడు పడిపోవుడు సంగతి? మూడోసారి సంగతి?

రాజురా_రసాయనం
బోరు సంగతి. క్షారత 400 అంటే లీటరుకు 8 మిల్లీమోల్ బైకార్బనేట్. మీ నైట్రేట్ 110 అంటే 1.77 మిల్లీమోల్. నాలుగున్నర రెట్లు ఎక్కువ మంది అదే చోటుకి ఎగబడుతున్నారన్నమాట. దాన్ని పూర్తిగా తప్పించలేం.

కానీ మీ గుండ్ల సైజే అసలు దొంగ అని నా అనుమానం. 2–3 మి.మీ. గుండు లోపలి రంధ్రాల్లో పుట్టిన హైడ్రాక్సైడ్ బయటికి రావడానికి టైం పడుతుంది. మీరు బయట కార్బన్ డయాక్సైడ్ పెట్టి 6 దగ్గర నిలబెట్టినా గుండు లోపల 9, 10 ఉండొచ్చు. పైగా లోపలికి నైట్రేట్, నైట్రైట్ చేరేసరికి పలచబడతాయి, హైడ్రోజన్ మాత్రం చురుగ్గా దూరుతుంది. పెల్లాడియం మీద నైట్రోజన్ పరమాణువులు రెండు పక్కపక్కన దొరికితేనే నైట్రోజన్ వాయువు. ఒంటరిగా దొరికిన నైట్రోజన్ చుట్టూ హైడ్రోజన్లే ఉంటే అమ్మోనియా అయిపోతుంది.

పరీక్ష సులువు. ఒక గ్రాము గుండ్లను అగేట్ కల్వంలో నూరి 45 మైక్రాన్ జల్లెడలోంచి దిగినదాన్ని అదే బరువు వేసి నడపండి. స్పీడు బాగా పెరిగి అమ్మోనియం వాటా తగ్గితే జబ్బు రంధ్రాలదే, లోహానిది కాదు. తర్వాత కలియతిప్పే వేగం నిమిషానికి 300 చుట్ల నుంచి 800కి మార్చి చూడండి. అప్పుడూ స్పీడు మారుతుంటే హైడ్రోజన్ నీళ్ళలోకి దిగడమే ఆలస్యం. నీళ్ళలో హైడ్రోజన్ ఒక వాతావరణ పీడనం దగ్గర లీటరుకు 1.6 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. 110 నైట్రేట్ మొత్తం పోగొట్టడానికి కావలసింది 8.9. అంటే ఐదారు సార్లు నింపుతూ పోవాలి. ఒకసారి హైడ్రోజన్ నింపిన నీళ్ళను కాలమ్‌లోంచి పంపితే పని అయిపోతుందనుకునేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

కిన్వట్_కంకర
మూడోసారి సంగతికి: వాడిన గుండ్లు ఎండబెట్టి ఒకదానిమీద పలచటి హైడ్రోక్లోరిక్ చుక్క వెయ్యి. చుర్రుమని నురుగొస్తే సున్నప్పొర. 520 కాఠిన్యం, పీహెచ్ 9 అంటే కాల్షియం కార్బనేట్ పేరుకోక ఏమైతది? 1 శాతం సిట్రిక్ యాసిడ్‌ల అరగంట ఉంచి కడిగితే పోతది. కార్బన్ డయాక్సైడ్ పెట్టినంక మళ్ళ రాదు.

నురుగు రాకపోతే క్యాటలిస్టును తూకం వెయ్యి. మూడు ఫిల్టర్లల్ల నుసి రూపంల ఎంత పోయిందో చూడు. ఫిల్టర్ పేపర్ నల్లగ అయిందంటే అది నీ పైసలే.

నాగావళి_నత్రజని
నీళ్ళకి కుళ్ళిన గుడ్డు వాసన ఉందా? ఉంటే సల్ఫైడ్. పెల్లాడియంకి అంతకన్నా పెద్ద విషం లేదు, చాలా కొంచెం చాలు. సోడియం హైపోక్లోరైట్ పలచగా పోసి కడిగితే సల్ఫైడ్ సల్ఫేట్ అయి ఊడిపోతాది, తర్వాత మళ్ళీ హైడ్రోజన్ పట్టించాలి. కాకపోతే కాపర్ ఉన్న క్యాటలిస్ట్‌కి ఆ కడుగుడులోనే కాపర్ కరిగిపోతాది. ఇండియం అయితే తట్టుకుంటాది. అందుకే ఎక్కువ కాలం నడపాలంటే ఇండియం అంటారు, మొదటిరోజు స్పీడు చూసి కాదు.

ధర్మాబాద్_మిర్చి
వాసన లేదు. గుండు మీద చుక్క వేసిన, నురుగొచ్చింది.

సరే, ఇండియం ఎట్ల ఎక్కించాలె? ఎంత?

రాజురా_రసాయనం
రెండు లోహాలనూ ఒకేసారి పోస్తే సగం ప్రమోటర్ (పెల్లాడియంకి తోడు పెట్టే కాపర్, ఇండియం లాంటి రెండో లోహం) అల్యూమినా మీద ఒంటరిగా పడుతుంది, పక్కన పెల్లాడియం ఉండదు. కాపర్ గానీ ఇండియం గానీ చేసే పని ఇది: నైట్రేట్‌లోంచి ఆక్సిజన్ ఒకటి లాక్కుని తను ఆక్సైడ్ అవుతుంది. పక్కనున్న పెల్లాడియం హైడ్రోజన్‌ని చీల్చి ఇచ్చి దాన్ని మళ్ళీ లోహంగా మారుస్తుంది. పక్కపక్కన లేకపోతే ఒక్కసారి పనిచేసి చచ్చిపోతుంది. వోర్‌లోప్, టాకె 1989లో పెల్లాడియం–కాపర్ చూపించిన దగ్గర నుంచి అందరి కుస్తీ ఈ పక్కపక్కన పెట్టడం గురించే.

అందుకని ముందు పెల్లాడియం ఒక్కటే తయారుచేయండి. 10 గ్రాముల క్యాటలిస్టుకు 0.5 గ్రా. పెల్లాడియం, అంటే 0.833 గ్రా. పెల్లాడియం క్లోరైడ్. ఉత్త నీళ్ళలో కరగదు, రెండింతల మోల్స్ హైడ్రోక్లోరిక్ వేసి గోరువెచ్చగా చేస్తే ఎర్ర గోధుమ రంగులో కరుగుతుంది. అల్యూమినా రంధ్రాల ఘనపరిమాణం ఎంతో (సాధారణంగా గ్రాముకు అర మి.లీ. చుట్టుపక్కల) అంతకు సరిపడా నీళ్ళలోనే ఉంచి పొడి మీద చుక్కచుక్కగా పోస్తూ కలపాలి. ముద్ద అయిందంటే నీళ్ళు ఎక్కువైనట్టు. 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఎండబెట్టి, కాల్చి, రిడ్యూస్ చేసి, కడిగిన నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగనంతవరకు కడగాలి.

ఇక ఇండియం. 1 గ్రా. పెల్లాడియం పొడిని 100 మి.లీ. నీళ్ళలో వేసి, ముందు నైట్రోజన్ కొట్టి ఆక్సిజన్ తోలి, తర్వాత అరగంట హైడ్రోజన్ కొట్టండి. పెల్లాడియం హైడ్రోజన్‌ని పీల్చుకుని ఉంటుంది. హైడ్రోజన్ ఆపకుండానే ఇండియం క్లోరైడ్ ద్రావణం గంటసేపు చుక్కచుక్కగా వదలండి. పీల్చుకున్న హైడ్రోజన్ ఇండియంని పెల్లాడియం మీదే దింపుతుంది, అల్యూమినా మీద కాదు.

ఎంత అంటే: గ్రాములో 0.47 మిల్లీమోల్ పెల్లాడియం. అందులో 20 శాతం పైకి కనబడుతోందనుకుంటే 0.094. ఆ పైభాగంలో 40 శాతం కప్పాలంటే 0.038 మిల్లీమోల్, అంటే 4.3 మి.గ్రా. ఇండియం. నానో కణాల మీద 40 శాతం దగ్గరే గరిష్ఠ వేగం వచ్చిందని 2018లో వచ్చిన పని. అంతకు తక్కువైతే ప్రమోటర్ చాలదు, ఎక్కువైతే హైడ్రోజన్ చీల్చే పెల్లాడియం చోట్లు మిగలవు. మీ పొడిలో ఆ 20 శాతం వేరే అంకె అయ్యుండొచ్చు కాబట్టి గ్రాముకు 2, 4, 6, 8 మి.గ్రా.లతో నాలుగు చేసి పోల్చండి. మీ 5 శాతం కాపర్ ఎంత ఎక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది.

సిరొంచ_సంగమం
4 మి.గ్రా. అంటే చిటికెలో చిటికె కూడ కాదు. తూకం యంత్రం దగ్గర తుమ్మకు మిర్చి సాబ్, ధర్మాబాద్‌ల అదే కష్టం.

మహేంద్రతనయ
తూయక్కర్లేదు, నిల్వ ద్రావణం చేసి పిపెట్‌తో కొలుచుకోవాలి. మి.లీ.కి 1 మి.గ్రా. ఇండియం ఉండేలా.

ఒక హెచ్చరిక. హైడ్రోజన్ తాగి ఉన్న పెల్లాడియం పొడిని సూటిగా గాలిలో ఫిల్టర్ చేసి ఎండనివ్వొద్దు. కార్బన్ సపోర్ట్ అయితే ఫిల్టర్ పేపరే అంటుకుంటుంది. ముందు అరగంట నైట్రోజన్ కొట్టి, ఫిల్టర్ మీద తడి ఆరకుండా చూసి, తడిగానే సీసాలోకి ఎత్తండి. పక్కన మెథనాల్, ఎసిటోన్ సీసాలు ఉండకూడదు.

కిన్వట్_కంకర
ఇదంతా మంచిగనే ఉంది గానీ నాదొక్కటే ప్రశ్న. తాగే నీళ్ళల్ల సూటిగ ఎందుకు నడపాలె? 2024ల కేంద్ర భూగర్భ జల మండలి ఇచ్చిన రిపోర్టుల నైట్రేట్ ఎక్కువున్న జిల్లాల లిస్టుల నాందేడ్ ఉన్నది, యవత్మాల్ ఉన్నది, ఇవతల ఆదిలాబాద్ ఉన్నది. ఆర్వోలు పెడితే సగం నీళ్ళు నైట్రేట్ చిక్కబడి మోరీలకు, మోరీల నుంచి మళ్ళ భూమిలకు. రెజిన్ (నైట్రేట్‌ను పట్టుకుని క్లోరైడ్ వదిలే పూసలు) పెడితే ఆ బాధ తక్కువ, దాన్ని మళ్ళ వాడనీకి కడిగిన ఉప్పునీళ్ళే మిగుల్తయ్. ఆ ఉప్పునీళ్ళల్ల క్యాటలిస్ట్ నడిపితే నైట్రేట్ పోతది, ఉప్పు మళ్ళ వాడుకోవచ్చు. అమ్మోనియం కొంచెం వచ్చినా తాగే నీళ్ళల్ల లేదు.

నాగావళి_నత్రజని
మాట బాగుంది గానీ 5–10 శాతం ఉప్పులో క్లోరైడ్ ఎంతుంటాదో చూశారా? నైట్రేట్‌కి చోటు దొరకడం కష్టం, స్పీడు దిగుతాది. బైకార్బనేట్, సల్ఫేట్ కూడా ప్రతి తిప్పుకీ పేరుకుంటాయి.

కిన్వట్_కంకర
స్పీడు దిగనీ. ఉప్పునీళ్ళు దినానికి కొన్ని వందల లీటర్లే, రాత్రంతా నడుపుకోవచ్చు. తాగే నీళ్ళైతే పదివేల లీటర్లు అప్పటికప్పుడు పారాలె. హైడ్రోజన్ రెండింటికీ ఒక్కటే: 10 ఘనపు మీటర్లల్ల 80 మి.గ్రా. చొప్పున తియ్యాలంటే 800 గ్రా. నైట్రేట్, 65 గ్రా. హైడ్రోజన్, దాదాపు 790 లీటర్ల వాయువు. పెద్ద సిలిండర్‌ల దగ్గరదగ్గర 7 ఘనపు మీటర్లుంటది, వృథా కాకుంటే ఎనిమిది దినాలు వస్తది. బుడగలు కొట్టి పైకి వదిలేస్తే మాత్రం ఒక్కరోజుకు కూడ రాదు, తిరిగి తిప్పే పంపు పెట్టాలె.

రెజిన్ మాత్రం నైట్రేట్ సెలెక్టివ్ తీసుకోవాలె. మామూలు రెజిన్‌కు సల్ఫేట్ అంటే ప్రాణం. నిండినంక కూడ నడిపితే సల్ఫేట్ వచ్చి పట్టుకున్న నైట్రేట్‌ను తోసేస్తది. అప్పుడు బయటికొచ్చే నీళ్ళల్ల నైట్రేట్ లోపలికి పోయినదానికంటే ఎక్కువుంటది.

రాజురా_రసాయనం
కంకర గారితో ఒప్పుకుంటా, ఊరి ప్లాంట్‌కి ఉప్పునీళ్ళ దారే. కానీ ఉప్పులో కాపర్ నిలవదు, ఇండియమే. మిర్చి గారూ, కాబట్టి మీ పరీక్షలు డిస్టిల్డ్‌లో ఆపకండి. ఆఖరి పోలిక 5 శాతం ఉప్పు, అందులో 2000 నైట్రేట్, 80:20 వాయువు కింద చేయాలి. చేసిన ప్రతిసారీ ద్రావణంలో పెల్లాడియం, ఇండియం ఎంత కరిగిందో తెలియడానికి ఐసీపీకి (లోహాలు కొలిచే యంత్రానికి) పంపండి.

ధర్మాబాద్_మిర్చి
హైడ్రోజన్ బదులు ఫార్మిక్ యాసిడ్ పోస్తే సిలిండర్ బాధ తప్పదా? కార్బన్ డయాక్సైడ్ కూడ అదే ఇస్తది కదా.

నాగావళి_నత్రజని
ఇస్తాది. 110 నైట్రేట్‌కి లీటరుకు 200 మి.గ్రా. పైచిలుకు ఫార్మిక్ కావాలి, అదీ ఒక్క చుక్క వృథా పోకపోతే. మిగిలిన ఫార్మేట్ తాగే నీళ్ళలో ఉంటే పైపుల్లో బ్యాక్టీరియాకి పండగ. ఉప్పునీళ్ళకైతే ఆలోచించొచ్చు. ఫార్మిక్ విడిపోయేటప్పుడు కొంచెం కార్బన్ మోనాక్సైడ్ పుడితే పెల్లాడియంకి అదీ విషమే, అది మర్చిపోకండి.

సిరొంచ_సంగమం
మిగిలిన అమ్మోనియంను క్లోరిన్ పోసి చంపితే?

మహేంద్రతనయ
ఒక మి.గ్రా. అమ్మోనియా నైట్రోజన్‌కి 7.6 మి.గ్రా. క్లోరిన్. బోరు పరుగులో వచ్చిన 2.4కి లీటరుకు 18 మి.గ్రా. పైన. తాగి చూసి చెప్పండి.

ధర్మాబాద్_మిర్చి
ముందు నూరిన పొడి, 80:20 వాయువు, నైట్రైట్ పరీక్ష, నైట్రోజన్‌తోటి ఖాళీ పరుగు. తర్వాత ఇండియం నాలుగు రకాలు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వచ్చింది, హైడ్రోజన్ రెగ్యులేటర్ దానికి ఎక్కుతలేదు.

కిన్వట్_కంకర
ఎక్కదు తమ్మీ, ఎక్కొద్దు కూడ. హైడ్రోజన్‌కు ఎడమ మర ఉంటది, కార్బన్ డయాక్సైడ్‌కు కుడి మర. అడాప్టర్లు పెట్టి బిగించకు, రెండో రెగ్యులేటర్ కొను. టీ జాయింట్‌కు రెండు దిక్కులా నాన్‌రిటర్న్ వాల్వు, హైడ్రోజన్ దిక్కు ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట వెనక్కి పోకుండ ఆపేది) పెట్టు. బయటికొచ్చే వాయువు పైపు కిటికీ అవతలికి పోవాలె.